వంకర పొలానికి రెండు లెక్కలు

ఈ రోజు తొమ్మిదో తరగతి లెక్కల పీరియడ్‌లో నేను నోరు మూసుకుని, చర్చ పిల్లలకే వదిలేశాను. వంకరగా ఉన్న పొలం వైశాల్యం ఎలా లెక్కకట్టాలి? ఎదురెదురు భుజాల సగటులు తీసి గుణించాలంది లక్ష్మి. ఊళ్లో పొలాలన్నీ వాళ్ల తాతగారు అలాగే కొలుస్తారు. సునీత బోర్డు మీద పొలాన్ని రెండు త్రిభుజాలుగా విడగొట్టి, తాతగారి పద్ధతిలో విస్తీర్ణం అసలుకన్నా ఎక్కువ వస్తుందని తేల్చేసింది.

"మా తాతగారివి దొంగ కొలతలంటావేంటే?" అంటూ లక్ష్మి చెక్క స్కేలుతో దాని ముఖాన కొట్టింది. సునీత లక్ష్మి జడ పట్టుకుని తలను బెంచీకేసి బాదింది. విడదీయబోయిన నా మోచేయి దోక్కుపోయింది.

ముక్కులోంచి కారే రక్తం తుడుచుకుంటూ సునీత అడిగింది: "ఇంతకీ నా లెక్కే కరెక్టు కదండీ?"

కరెక్టే. నేను కొన్న వంకర స్థలం కొలిచిందీ ఆ తాతగారే. ఇప్పుడు నేనెవర్ని కొట్టాలో మీరే చెప్పండి.