మంచం కింద దాచిన ఆటలు

మొన్న దసరా సెలవుల్లో మా మనవరాలు ఒక గేమ్ కన్సోల్ కోసం ఫోను ముందు పెట్టుకుని మూడు రోజులు కూర్చుంది. ఎప్పుడు చూసినా స్టాకు లేదనే వచ్చేది. దీపావళి అమ్మకాల కోసం కంపెనీవాళ్ళు గోదాముల్లో ఆపి ఉంచారని, అది మోసమని మా అబ్బాయి, సరుకు వాళ్ళది, ఎప్పుడు అమ్ముకుంటే ఏమని మా కోడలు, భోజనాల దగ్గర చాలాసేపు వాదించుకున్నారు. చివరికి ఆ పిల్ల నా వైపు తిరిగి, "అవ్వా, మన దుకాణంల గూడ గిట్ల ఆపుతుండిరా?" అని అడిగింది. లేదమ్మా అన్నాను. అని, మజ్జిగ తెచ్చే నెపంతో వంటింట్లోకి వెళ్ళి అక్కడే నిలబడిపోయాను. అదే విషయం మీద నేను ఆడిన రెండో అబద్ధం అది. మొదటిది ఆడి ముప్పై ఏళ్ళు దాటింది.

అప్పుడు రాయచూరు బజారులో మాకు రేడియోలు, టీవీలు అమ్మే దుకాణం ఉండేది. మావారు, మా మరిది కలిసి నడిపేవారు. టీవీకి తీగ తగిలించి, పైన క్యాసెట్టు గుచ్చి ఆడే వీడియో గేములు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ ఎండాకాలం మా మరిది ఒకటి తెచ్చి దుకాణంలో టీవీకి తగిలించి పెడితే, బడి పిల్లలే కాదు, గంజ్ మార్కెట్టుకు వేరుశనగ అమ్మడానికి వచ్చిన రైతులు కూడా ఆగి చూసేవారు. మా ఆడబిడ్డ కూతురు సెలవులకు మా ఇంటికి వచ్చి, రోజూ మామల వెంట దుకాణానికి పోయి, అన్నానికి పిలిచినా దాని ముందు నుంచి కదిలేది కాదు. ఆడబిడ్డ అంటే మావారి చెల్లెలు. ఆమె భర్తకు హట్టి బంగారు గనిలో ఉద్యోగం, అక్కడి క్వార్టర్సులోనే కాపురం.

శ్రావణం మొదట్లో హైదరాబాదు నుంచి ఆ ఆటల సరుకు చాలానే దిగింది. దీపావళి దాకా ఒక్కటీ బయటికి తియ్యొద్దని మా మరిది పట్టుబట్టాడు. ఇప్పుడే పెడితే నాలుగు దుకాణాలు తిరిగి బేరమాడతారు, ఇప్పుడు లేవని చెబితే పండగకు ఎగబడి కొంటారని అతని లెక్క. అయినవాళ్ళకైనా సరే, ఉన్నాయని చెప్పొద్దన్నాడు. డబ్బాలన్నీ ఇంటికి తెచ్చి మా పడకగదిలో పెద్ద మంచం కింద పేర్చి, దుప్పటి నేల దాకా వేలాడేలా పరిచాము. నాకేమీ తప్పనిపించలేదు. ఆ మాటకొస్తే ఆ లాభంతో ఇంటికి ఫ్రిజ్ వస్తుందని లోపల సంతోషంగానే ఉంది.

ఆ నాగుల పంచమికి హట్టిలో ఉయ్యాల ఊగుతూ ఆడబిడ్డ కూతురు కింద పడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. నడుము దాకా కట్టు వేసి, దసరా దాకా మంచం దిగవద్దన్నారు. వినాయక చవితి దాటిన నాలుగైదు రోజులకు మా ఆడబిడ్డ, పిల్లను పక్కింటివాళ్ళకు అప్పజెప్పి, లింగసుగూరులో బస్సు మారి, మధ్యాహ్నం ఎండలో మా ఇంటికి వచ్చింది. మగవాళ్ళు దుకాణంలో ఉన్నారు. కాళ్ళు కడుక్కుని, ఎప్పటిలాగే చనువుగా నా గదిలోకి వచ్చి ఆ మంచం మీదనే కూర్చుంది.

"వదినె, టీవీల ఆడేటియి వచ్చినయా? పొద్దంత గోడ దిక్కు చూసుకుంట పంటది పిల్ల. ఏడ్వదు, మాట్లాడదు. ఒక్కటుంటే ఇయ్యి, పైసలు ఇప్పుడే ఇస్త" అంది.

ఆమె మడమలు ఆ దుప్పటి అంచుకు తగులుతున్నాయి. నేను ఆమె కళ్ళలోకి చూసి, "ఇంక రాలేదమ్మా, హైదరాబాదులనే లేవంట" అన్నాను.

ఆమె నమ్మింది. నేను పెట్టిన చాయ్ తాగి, పిల్లకు చేసిపెట్టమని నేనిచ్చిన బెల్లం, పల్లీలు తీసుకుని, తిరుగు బస్సుకు వెళ్ళిపోయింది.

మరిది మాటకు భయపడి అలా అన్నానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఆ సాయంత్రం మావారి చెవిన వేసి ఉంటే, మర్నాడే ఒకటి తీసుకుని తానే హట్టి బస్సెక్కేవారు. నేను చెప్పలేదు. ఆమె వచ్చిన సంగతి మాత్రం చెప్పి, ఎందుకు వచ్చిందో మింగేశాను. నేను పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఆ ఇంట్లో అన్నీ ఆమెను అడిగి చేసేవారు. నా చీర రంగు కూడా ఆమే చెప్పేది. ఆమె వచ్చి నన్ను అడగడం, కాదనడం నా చేతిలో ఉండటం, అదే మొదటిసారి. లేదన్న ఆ క్షణంలో నాకు కొంచెం హాయిగా అనిపించింది. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

దీపావళికి మూడు రోజుల ముందు ఆడబిడ్డ పిల్లతో సహా పండక్కి వచ్చింది. కట్టు విప్పారు, పిల్ల ఇంకా కుంటుతోంది. ఆ పొద్దున మా మరిది మంచం కిందనుంచి డబ్బాలు లాగి గుమ్మం దగ్గర పేరుస్తుంటే, ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని వచ్చి, ఇవెప్పుడు వచ్చాయని అడిగింది.

అతనికేం తెలుసు. నవ్వుతూ, "శ్రావణంలనే వచ్చినయి బిడ్డా, పండగకని ఆపినం. నీకొకటి తీస్కో" అన్నాడు.

నేను పసుపు గిన్నె పట్టుకుని అక్కడే ఉన్నాను. మా ఆడబిడ్డ డబ్బాలను చూసింది, మంచాన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది. అన్నదమ్ములు బయటికి పోయేదాకా ఆగింది. వంటింట్లో ఇద్దరమే ఉన్నప్పుడు, కూర తరుగుతూ తల ఎత్తకుండా, "ఉన్నయి, పండగ దాంక ఇయ్యం అంటే అయిపోతుండె గద వదినె. నేనేమన్న గుంజుకపోదునా?" అంది. క్షమించమని అడగడానికి నోరు రాలేదు.

మావారు ఎంత చెప్పినా ఆమె ఆ డబ్బా తీసుకుపోలేదు. పిల్ల బడికి పోతోంది, ఇంకెప్పుడు ఆడుతుందని నవ్వేసింది. పిల్ల మాత్రం బస్సెక్కే దాకా దాని మీది బొమ్మలు చూస్తూనే ఉంది. ఆ తర్వాత మా ఆడబిడ్డ మా ఇంటి ప్రతి శుభకార్యానికీ వచ్చింది, నా కాన్పుకు వచ్చి నెల రోజులు చేసింది. కానీ మిక్సీ కొన్నా, ఫ్యాను కొన్నా లింగసుగూరులోనే కొనుక్కుంది. మా దుకాణంలో మళ్ళీ ఏదీ అడగలేదు. ఎందుకని మావారు అప్పుడప్పుడు బాధపడేవారు. పోయేదాకా ఆయనకు తెలియనివ్వలేదు నేను.

పండగకని సరుకు ఆపుకోవడం తప్పా అంటే, వ్యాపారం చేసిన ఇంటిదాన్ని, ఖచ్చితంగా చెప్పలేను. ఆపితే ఆపుకోవచ్చు. ఉంచుకుని లేదనడమే తప్పు, అందులోనూ అవసరం పడి వచ్చిన మనిషితో. ఇప్పుడు లేదన్న మాట అనడానికి ఎవరూ ఎవరి ముఖం చూడనక్కర్లేదు. ఎక్కడో, ఎవరో రాసిపెట్టిన రెండు ముక్కలు తెర మీద కనపడతాయి. అన్నవాడికి సిగ్గు లేదు, విన్నవాడు నమ్మడు. మా రోజుల్లో దుకాణంవాళ్ళు లేదంటే నిజంగానే లేదనుకుని, చాయ్ తాగి, ఎండలో బస్సు కోసం నిలబడేవాళ్ళు మనుషులు. అలా నమ్మేవాళ్ళు ఇప్పుడు లేరని నా ఈడువాళ్ళు అంటుంటే విని ఊరుకుంటాను. వాళ్ళను లేకుండా చేసినవాళ్ళలో నేనూ ఒకదాన్ని.