ముందు పలక మీద బరువు

మొయినాబాద్ దిక్కు జలాశయంలో మా చేపల సంఘానికి ఒక చిన్న మోటర్ పడవ ఉంది. నడిపేది నేనే. నాకు నోరు దురుసు. చెప్పిన చోట కూర్చోకపోతే పెద్దా చిన్నా చూడను. మోటర్ వెనకే, నేనూ వెనకే. ముందు బరువు లేకుండా రేస్ ఇస్తే పడవ ముక్కు పైకి లేస్తుంది, ఎదుట ఏముందో కనిపించదు, వెనక అంచు నీళ్లకు జానెడు దూరానికి దిగిపోతుంది. అందుకే ముందు పలక మీద ఎప్పుడూ ఒక ఇసుక బస్తా ఉంచుతాను.

పోయిన చలికాలం ఒక పొద్దున చేవెళ్ల నుంచి ఇద్దరు వచ్చారు. ఒకాయన పూల రైతు, పెద్దాయన. రెండో మనిషి ఆయన బావమరిది. రైతు కొడుకు పట్నంలో బంతిపూలు దించి ఇంటికి పోతూ, స్నానానికని అవతలి ఒడ్డున నీళ్లలో దిగి మునిగిపోయాడు. గజ ఈతగాళ్లు రెండు రోజులు వెతికి వెళ్లిపోయారు.

"ఇయ్యాల దొరకాలె బిడ్డా," అన్నాడు తండ్రి. "వాళ్ల అవ్వ మొన్నటి సంది మంచినీళ్లు సుత ముడ్తలేదు. కొడుకును తెస్తెనే తాగుత అంటున్నది."

పడవ ఎక్కగానే ఆయన సంచిలోంచి కొడుకు అంగీ తీశాడు. ఇసుక బస్తా దించెయ్యమన్నాడు. ముందు పలక మీద అంగీ పరిచి, పసుపు చల్లి, బావమరిదితో కలిసి నా దగ్గరికొచ్చి వెనక కూర్చున్నాడు.

"గట్ల అందరు ఎనక కూసుంటె ఎట్ల బాపు? ముందల బరువు లేకుంటె పడవ నడువది," అన్నాను.

"నీళ్లల్ల పోయినోనికి జాగ ఇడువాలె. లేకుంటె వాడు యాడ కూసుంటడు?"

ఈ ఆచారం నాకు కొత్త కాదు. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు మండుతుంది. పోయినవాళ్ల కోసం బతికున్నవాళ్లను ముంచుతారా? అయినా ఆయన మొహం చూసి బస్తా గట్టున పడేశాను. మోటర్ కిందిభాగాన్ని పడవకు ఇంకాస్త దగ్గరగా వంచి పిన్ను పెట్టాను. అట్లా చేస్తే ముక్కు కొంచెం దిగుతుంది. కొంచెమే.

మంచు బాగా పట్టి ఉంది. గాలి లేవకముందే అవతలి ఒడ్డు చేరాలని రేస్ పెంచాను. అనుకున్నట్టే ముక్కు లేచింది. నాకు పసుపు పడిన అంగీ తప్ప ఏమీ కనిపించలేదు. లోలోపల తిట్టుకుంటూ నడిపాను.

నడిమధ్యకు వచ్చాక ముక్కు దిగింది.

నేను రేస్ తగ్గించలేదు. వాళ్లిద్దరూ కదల్లేదు. పడవ మెల్లగా వంగి నీటికి సమంగా పోసాగింది. లోపలికి నీళ్లొచ్చి ముందుకు పారాయేమోనని భయపడి, అడుగు చెక్క ఎత్తి చూడమన్నాను. బావమరిది వంగి చెయ్యి పెట్టి చూశాడు. "పొడిగనే ఉన్నది తమ్మీ," అన్నాడు. మోటర్ పిడి అటూ ఇటూ తిప్పి చూశాను. ముందు నిండు మనిషి కూర్చుంటే ఎట్లా తిరుగుతుందో అట్లాగే తిరిగింది.

"వచ్చి కూసున్నడు," అన్నాడు తండ్రి, తల తిప్పకుండా.

"నోరు మూస్కో బాపు!" అని అరిచాను. కోపం కాదు, భయం.

ఇంకాస్త దూరం పోయాక ముక్కు ఒక్కసారిగా లేచింది. ముందున్న మనిషి దిగిపోతే లేచినట్టు లేచింది. నా చెయ్యి దానంతటదే మోటర్ ఆపేసింది.

"దిగిండు. ఈడనే చూడు బిడ్డా."

"మునిగింది ఈడ కాదు గద బావా, ఇంకా మస్తు దూరం," అన్నాడు బావమరిది. నిజమే. అయినా నేను ఇనుప కొక్కేల తాడు దించాను. మూడోసారి లాగినప్పుడు బరువు తగిలింది. ముగ్గురం కలిసి పైకి తెచ్చాం. తండ్రి ఏడవలేదు. పిల్లవాడి మొహం మీది నాచును వేలితో తుడిచాడు.

ఇక ఎక్కడ పడుకోబెట్టాలి? పక్కకు పెడితే పడవ ఒరుగుతుంది. వెనక పెడితే నీళ్లు లోపలికొస్తాయి. ముందు తప్ప చోటు లేదు. ఆ మాట చెప్పాల్సింది నేనే. "ముందల పండవెడ్దాం బాపు," అన్నాను. ఆయన అంగీ మడిచి కొడుకు తల కింద పెట్టాడు.

తిరిగి వచ్చేటప్పుడు గాలి లేచింది. అలలు కొడుతున్నా ఒక్క చుక్క లోపల పడలేదు. పిడి నా చేతిలో దూదిలా తేలికగా ఉంది. ఆ పడవ అంత బాగా ఎన్నడూ నడవలేదు. అది నాకు హాయిగా అనిపించింది, అనిపించినందుకు సిగ్గుతో చచ్చిపోయాను.

గట్టు దగ్గరపడుతుండగా ఆయన నా వైపు తిరిగాడు. పొద్దున నేను కసిరింది మనసులో పెట్టుకున్నాడో ఏమో.

"ఇప్పుడు సక్కగ పోతున్నదా బిడ్డా?" అని అడిగాడు.

"పోతున్నది బాపు," అన్నాను.