ఉప్పు రుచి తెలియని దొంగ

బిట్రగుంట రైల్వే కాలనీలో చాలా క్వార్టర్లకు ఇప్పుడు తలుపులు లేవు. ఆ కాలనీ గోడకు ఇవతల వరసగా నాలుగు ఇళ్లున్నాయి. వాటిలో ఒకదాన్ని నేను అద్దెకు తీసుకున్నాను. పత్రికలో ముప్పయ్యేళ్లకు పైగా పనిచేసి బయటికొచ్చాక నెల్లూరులో ఉండబుద్ధి కాలేదు. అక్కడ బజారులో ఎవరు ఎదురైనా "ఇప్పుడేం చేస్తున్నారు?" అని అడిగేవారు. ఇక్కడ ఎవరూ అడగరు. మొదటి ఆరు నెలలు అది హాయిగానే ఉంది. తర్వాత్తర్వాత, పాల ప్యాకెట్ కోసం సాయంత్రం కొట్టుకు వెళ్లినప్పుడు గొంతు బొంగురుగా పలికేది. పొద్దుటినుంచి అదే మొదటి మాట అని అప్పుడు గుర్తొచ్చేది.

పక్కింటివాళ్లు పరుపులు కుడతారు. ఇంట్లోనూ తెలుగే మాట్లాడే ముస్లిం కుటుంబం. ఆయన కావలి నుంచి దూది బస్తాలు తెప్పించి ఇంటి ముందు రేకుల పంచలోనే పని చేసుకుంటాడు. ఆవిడ నన్ను అన్నా అని పిలుస్తుంది. నాకు రక్తపోటు ఉందనీ, డాక్టరు ఉప్పు మానమన్నాడనీ తెలిసిన రోజు నుంచి, పప్పులో ఉప్పు వేయకముందే ఒక గిన్నె పక్కకు తీసి పంపడం మొదలుపెట్టింది. ఆ గిన్నె తెచ్చేది వాళ్ల కూతురు. కావలిలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది, రోజూ రైల్లో పోయి వస్తుంది.

"ఎట్ట తింటావు తాతా ఈ చప్పిడి కూడు?" అని మొదటి రోజే అడిగింది.

"అలవాటైపోయిందమ్మా."

"నాకైతే ఏడుపొస్తాది."

ఆ పిల్ల కథ రాస్తోందని తెలియడానికి ఇంకో నెల పట్టింది. పాత జానపద కథలను ఈ కాలం పిల్లల కోసం తిరగరాయించి ఒక ప్రచురణకర్త సంకలనం వేస్తున్నాడు. కాలేజీలో ఎవరో ఆ ప్రకటన కాగితం ఇచ్చారట. అందులో తన కథ రావాలని ఆమె పట్టుదల. నిబంధనలు చదవమని నాకు తెచ్చి ఇచ్చింది. అలవాటుకొద్దీ అందులో రెండు అచ్చుతప్పులు దిద్ది తిరిగి ఇచ్చాను.

ఆమె ఎంచుకున్నది వాళ్ల అవ్వ చెప్పిన కథ. చిన్నప్పుడు మా ఇంట్లోనూ చెప్పేవారు. ఒక దొంగ రాజుగారి ఇంట్లో దూరి, సొమ్ములన్నీ మూటగట్టి, మూలన తెల్లగా మెరుస్తున్నదేదో చూసి రత్నమనుకుని నాలుకకు తాకించి చూస్తాడు. అది ఉప్పురాయి. ఒక ఇంటి ఉప్పు నోట పడ్డాక ఆ ఇంటికి కీడు చేయకూడదన్న పట్టింపు మా వైపు దొంగకు కూడా ఉంది. మూట అక్కడే వదిలేసి వెళ్లిపోతాడు. పాత కథ అంతే.

ఆమె కథలో దొంగ పదహారేళ్ల ఆడపిల్ల. సముద్రం పక్కన ఉప్పు పండించే కయ్యల అడుగున ఒక ముసలిది ఉంటుంది. దొంగపిల్ల తన నాలుక మీది ఉప్పు రుచిని ఆ ముసలిదానికి ఇచ్చేసి, ఏ తలుపైనా తెరుచుకునే వరం పుచ్చుకుంటుంది. ఉప్పు తెలియని నోటికి ఏ ఇల్లూ కట్టుబాటు కాదు. తిన్న ఇంట్లోనే దోచుకోవచ్చు. ఎన్ని ఇళ్లు దోచినా ఎవరికీ చిక్కదు. కాకపోతే పాయసమూ, గంజీ, వాన నీళ్లూ అన్నీ ఆమె నోటికి ఒకేలా ఉంటాయి.

ఈ చప్పిడి నోరు ఎక్కడిదో నాకు తెలుసు. ఆ మాట ఆమెతో అనలేదు.

సాయంత్రం రైలు దిగి, గిన్నె తీసుకుని, మా అరుగు మీద కూర్చుని రాసింది రాసినట్టు చదివి వినిపించేది.

"ఇక్కడ పదో ఇల్లు అన్నావు. వెనక లెక్కపెడితే నాకు ఎనిమిదే వచ్చాయి," అన్నాను ఒకసారి.

"దొంగతనాలకు లెక్కేంది తాతా, నువ్వేమన్నా ఎస్సైవా?"

ఆ అరగంట కోసం మధ్యాహ్నం నుంచే అరుగు ఊడ్చి కుర్చీ వేసుకునేవాణ్ని. కథ మెల్లగా సాగితే బాగుండునని లోలోపల ఉండేది.

ఒక గురువారం ముగింపు చదివింది. చివరి ఇంట్లో దోచుకోవడానికి ఏమీ ఉండదు. ఖాళీ గదిలో నిలబడిన దొంగపిల్లకు, తన కోసం ఎదురుచూసే ఇల్లు ఒక్కటీ లేదని తట్టి ఏడుపు వస్తుంది. పెదవుల మీదికి జారిన కన్నీరు ఉప్పగా తగులుతుంది. ముసలిది పుచ్చుకోలేని ఉప్పు అదొక్కటే; అది ఏ ఇంటిదీ కాదు, తనదే. ఇక మీదట తనకు తానే కట్టుబడాలి.

ఆ చివరి కాగితం చేతిలోకి తీసుకుని మళ్లీ మొదటినుంచి చదువుకున్నాను. "బాగలేదా తాతా?" అంది. "బాగుంది," అన్నాను.

ఉద్యోగం మానేసినా మా పాత పత్రిక జిల్లా పేజీలో నేను ఆదివారాలు ఒక కాలమ్ రాస్తాను. శుక్రవారం పంపాలి. ఆ వారం రాయడానికి ఏమీ లేదు. మంచి సంగతి చేతికి దొరికితే మర్నాటి దాకా దాచుకోవడం మా పనిలో నేర్పలేదు. పక్కింటి అమ్మాయి గురించి రాశాను, ఆమె దొంగ గురించి రాశాను, ఆ కన్నీటి ఉప్పు గురించి కూడా రాశాను. ఆమెకు మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

సోమవారం సాయంత్రం గిన్నె లేకుండా వచ్చింది. చేతిలో ఆదివారం పేపరుంది. రైల్లో స్నేహితురాలు చదివి వినిపించిందట.

"ఇదేంది తాతా?"

"నీ గురించే. పేరు వేయలేదులే, నీకిష్టముంటుందో లేదోనని."

"పేరు పోనీ. ముగింపు ఎందుకేసినావు?"

"అంత మంచి ముగింపు కదమ్మా, నలుగురికీ తెలియాలని..."

"నలుగురికీ నేను చెప్పుకునేదాన్ని గదా! ఏ రూపంలోనూ అచ్చు కాని కథే పంపమని ఆ కాగితంలోనే ఉండాది. తప్పులు దిద్దినావు, అది కనపడలేదా?"

కనపడింది. ఆ వాక్యంలో అచ్చులో జారిపోయిన దీర్ఘం దిద్దింది కూడా నేనే.

"దొంగ కథ రాసింది నేను. దొంగతనం చేసింది నువ్వు."

గోడ అవతల నుంచి తల్లి అరిచింది: "ఏమే, పెద్దాయనతో అట్టనేనా మాట్లాడేది?"

"నువ్వు గమ్మునుండుమా!"

మర్నాటి నుంచి గిన్నె తల్లే తెచ్చింది. "బుద్ధిలేని పిల్ల, ఏమనుకోబాకండి అన్నా," అంది. కథ ఏం చేసిందని అడిగాను. "చించేస్తానంటాండాది," అంది. పప్పు ఆ పూట అలాగే మూతపెట్టి ఉంచాను.

మూడు రోజులు అరుగు మీద ఒక్కణ్నే కూర్చున్నాక, ఆ నిబంధనల కాగితం మీద చూసి రాసుకున్న నంబరుకు ఫోన్ చేశాను. సంపాదకురాలు మాట్లాడింది. తప్పు నాదని, ఆ అమ్మాయికి తెలియకుండా రాశానని చెప్పాను. ఆవిడ కాలమ్ పంపమంది, చదివి మళ్లీ ఫోన్ చేసింది. బయటపడింది ముగింపే గనక, ముగింపు కొత్తగా రాసి గడువులోగా పంపితే కథను పరిశీలిస్తామంది.

పక్కింటికి వెళ్లాను. తండ్రీ కూతురూ చెరో వైపు కూర్చుని పరుపు అంచు కుడుతున్నారు. చెప్పాల్సింది చెప్పాను. ఆమె తల ఎత్తలేదు.

"ఐదు రోజులే ఉండాది. ఇంకో ముగింపు యాడ నుంచి తెచ్చేది?"

"నాకొకటి తోచింది, చెప్పనా?" నోరు జారాను.

తండ్రి నవ్వేశాడు. "పేపరోళ్ల బుద్ధి పోదు సార్ మీకు."

ఆమె నవ్వలేదు. "వద్దు తాతా. నువ్వు చెప్తే అది నీదవతాది," అంది. అన్నది కోపంగా కాదు. అందుకే ఎక్కువ తగిలింది.

గడువుకు ముందురోజు పోస్టు చేసి వచ్చిందని తల్లి చెప్పింది. ఇప్పుడు మళ్లీ అప్పుడప్పుడు గిన్నె తానే తెస్తోంది, గడప దగ్గరే ఇచ్చి వెళ్తోంది. ఏం మార్చావని ఒకసారి అడిగాను. "అచ్చయితే కొనుక్కొని చదువుకో," అంది. ఆ మాటలో కొంచెం నవ్వుందని నేను అనుకుంటున్నాను. ప్రచురణకర్త నుంచి ఇంకా ఉత్తరం రాలేదు. కాలమ్‌లో ఈమధ్య వానల గురించి, ఆలస్యంగా నడిచే రైళ్ల గురించి రాస్తున్నాను.

ఆ దొంగపిల్ల ఖాళీ గదిలోంచి ఎటు వెళ్లిందో నాకు తెలియదు. అరుగు మీద కూర్చుంటే దారులు ఏవేవో తడతాయి, ఏదీ కాగితం మీద పెట్టను. నిన్న ఒకటి బాగా కుదిరినట్టనిపించి, పైకే చెప్పుకుంటూ పోయాను. గోడ అవతల దూది కొడుతున్న కర్ర చప్పుడు ఆగింది. వింటున్నారేమోనని మధ్యలోనే ఆపేశాను.