రోకలి విసిరే వేళ

ఇవాళ సాయంత్రం వడగళ్లు పడుతుంటే తడిసిన మట్టి వాసనతో పాటు నాకెందుకో గంజి వాసన కూడా వచ్చింది.

మా అమ్మాయి ఒక చేత్తో నా కొంగు పట్టుకుని, ఇంకో చేతిలోని ఫోన్‌లో చదువుతోంది. "అమ్మా, గాలివాన జోరు తగ్గించనీకి సైంటిస్టులు ట్రై చేస్తున్నరట. నిజంగ ఆగుతదా?"

నా చిన్నప్పుడు కాశిబుగ్గలో మా నాయనమ్మ ఆపేది. రాళ్లవాన మొదలవగానే రోకలి తెచ్చుకుని గడపలో నిలబడేది. కాసేపు ఆకాశం చూసి వాకిట్లోకి విసిరేది. వాన నిజంగానే తగ్గేది.

నాకు ఎనిమిదేళ్లప్పుడు, నేతపని చేసే మా నాన్న, బాపు, మగ్గానికెక్కించే పొడవాటి పడుగు దారాలకు గంజి పెట్టి వీధి పొడుగునా ఆరబెట్టిన రోజున రాళ్లవాన వచ్చింది. బాపు దారాలు చుట్టడానికి ఉరికాడు. నాయనమ్మ మాత్రం రోకలి పట్టుకుని ఆకాశమే చూస్తోంది. నేను ఆగలేక దాన్ని లాక్కుని విసిరేశాను. వాన ఇంకా పెరిగింది. పడుగంతా బురదలో చిక్కుపడింది.

"నా వల్లనేనా?" అని ఏడ్చాను.

"కాదు బిడ్డా. ఉరుము దూరం పోయినంకనే ఎయ్యాలె," అంది నాయనమ్మ.

అది రోకలి రహస్యమనుకుని, తొందరపడి పడుగు పాడుచేశానని ఏళ్ల తరబడి బాధపడ్డాను. ఉరుము దూరమైతే వాన ఎలాగూ తగ్గుతుందని తట్టనే లేదు.

మా అపార్ట్‌మెంట్‌లో రోకలి లేదు. చపాతీ కర్ర పట్టుకుని బాల్కనీ తలుపు దగ్గర నిలబడ్డాను. ఉరుము కాజీపేట దాటిపోయేదాకా ఆగి, కర్ర బయట పెట్టాను.

"ఇగ తగ్గుతది బిడ్డా," అన్నాను.