గంజ్ గోడ మీద ఫిబ్రవరి మూడు

1962 జూన్‌లో నన్ను ఆర్మూరు శాఖా గ్రంథాలయానికి మూడో తరగతి గ్రంథపాలకుడిగా వేశారు. చేరిన వర్షాకాలంలోనే ఒక ఘనకార్యం చేశాను. పుస్తకాల గదిని పసుపు అమ్మే మార్కెట్టు, అంటే గంజ్, గేటు పక్కకు మార్పించాను, అదీ పైసా అద్దె లేకుండా. జిల్లాలో అప్పటిదాకా ఏ గ్రంథపాలకుడికీ తట్టని పని అది. ఎందుకు తట్టలేదో తెలుసుకోవడానికి నాకు ఏడాదిన్నర పైనే పట్టింది.

మాది బోధన్‌లో కిరాణా దుకాణం. బేరమాడకుండా తెచ్చిన వస్తువును మా నాన్న దొంగసొత్తును చూసినట్టు చూసేవాడు. ఆ ఇంట్లో పెరిగినవాడికి సర్కారు ఉద్యోగం వచ్చినా నాలుక ఊరుకోదు. పాత గది కప్పు కారి రెండు బీరువాల పుస్తకాలు తడిశాయి. గంజ్‌లో పెద్ద అడ్తి నర్సింలు సేటుకు గేటు పక్కన ఒక గది ఖాళీగా ఉంది. రైతు సరుకును తన దుకాణం ముందు పోయించుకుని, ఖరీదుదార్లకు అమ్మిపెట్టి, కమీషన్ తీసుకునేవాడిని అడ్తి అంటారు. వేల్పూర్, దొంకేశ్వర్ రైతులు ఆర్మూరు ధర నమ్మక బండ్లు నిజామాబాదు తోలుతున్నారని సేటు బాధ. నేను ఆ బాధను పట్టుకున్నాను. గది ఇస్తే దాని బయటి గోడ మీద నల్లపలక కట్టించి రోజూ పసుపు ధర రాస్తానన్నాను. సర్కారు మనిషి చేతిరాతను రైతు నమ్ముతాడు. సేటు ఒప్పుకున్నాడు. జిల్లా కార్యాలయం కూడా అద్దె మిగిలిందని ఒప్పుకుంది.

పలక కింది సగం ధరలకు, పై సగం మాకు. అక్కడ నేను ‘ఈ రోజు’ అనే శీర్షిక పెట్టాను. చరిత్రలో ఆ తారీఖున జరిగిన సంగతి ఒకటి, దాని కింద ఒక వింత. పాఠకుడు గదిలోకి రాకపోతే పుస్తకంలోని మాటే గడప దాటి బయటికి పోవాలని శిక్షణలో మాకు చెప్పేవారు. సంగతి రాసే ముందు రెండు ఆధారాలు చూడడం నా నియమం. ఒకటి వార్షిక గ్రంథమైతే రెండోది పాత పత్రికల కట్ట. ఉదయం ఎనిమిదికి తలుపు తీసి రాసేవాణ్ణి. తొమ్మిదింటికి హమాలీ మల్లయ్య బస్తా దించి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివేవాడు. బండ్ల దగ్గర కూర్చున్నవాళ్లు వినేవారు. గదిలోకి వచ్చేవాళ్లు మాత్రం పెద్దగా పెరగలేదు. వచ్చినవాళ్లలో సగం మంది మంచినీళ్లకు వచ్చేవారు.

గంజ్ ఎదురుగా రషీద్‌కు రేడియో మరమ్మతు దుకాణం ఉండేది. ఇరవై మూడేళ్ల వాడు. షార్ట్‌వేవ్ మీద విదేశీ స్టేషన్లు పట్టి రాక్ అండ్ రోల్ అనే గిటారు పాటలు వినేవాడు. సికింద్రాబాదులో తూకానికి అమ్మే ఇంగ్లీషు పత్రికలు తెప్పించుకుని ఆ పాటగాళ్ల ముచ్చట్లు కత్తిరించి దాచేవాడు. ఒకరోజు వచ్చి, “సాబ్, మీరు రాజుల సంగతి రాస్తరు, లడాయిల సంగతి రాస్తరు. మా పాటలోళ్లది గూడ జర రాయుండ్రి,” అన్నాడు. గ్రంథాలయం రేడియో పాడైనప్పుడల్లా ఊరికే బాగు చేస్తే నెలకొక పాట సంగతి రాస్తానన్నాను. అలా ఒక మార్చిలో, అమెరికాలో పేరున్న పాటగాడు పటాలంలో చేరి జుట్టు కత్తిరించుకున్న రోజని రాశాను. మల్లయ్య చదివి, “గా కటింగ్ ముచ్చట గూడ పేపర్ల ఏసిండ్రా సారు? మా మంగలికి జెప్పాలె,” అన్నాడు. వారం రోజులు గంజ్‌లో అదే నవ్వు.

1964 ఫిబ్రవరిలో రషీద్ తెచ్చిన సంగతి నవ్వుది కాదు. అయిదేళ్ల కింద, మూడో తారీఖున, అమెరికాలో మంచు కురుస్తుండగా ఒక చిన్న విమానం పొలంలో కూలిపోయింది. అందులో ముగ్గురు పాటగాళ్లు పోయారు. ముగ్గురూ ముప్పై దాటని వాళ్లు, చిన్నవాడికి పదిహేడేళ్లు. ఆ చిన్నవాడు సీటు కోసం ఇంకొకడితో నాణెం ఎగరేసి గెలిచి ఎక్కాడు. “గా పిలగాని పాట మీరు ఇంటే ఇడిచిపెట్టరు సాబ్,” అని రషీద్ ఆ కత్తిరింపును నా బల్ల మీద చదును చేసి పెట్టాడు. విమానం సంగతి మా పాత పత్రికల కట్టలో చిన్న వార్తగా దొరికింది. నాణెం సంగతికి రెండో ఆధారం దొరకలేదు. అయినా దాన్ని వింత కింద రాయాలని నిర్ణయించాను.

ఆ మూడో తారీఖు, సోమవారం నాడే గంజ్‌లో కొత్త పసుపు ముహూర్తం. ఆ సంగతి నాకు తెలుసు. బోణీ కాకముందు దుకాణంలో చావు మాట ఎత్తకూడదనీ తెలుసు. చిన్నప్పుడు ఆ తప్పుకే మా నాన్న చేత దెబ్బ తిన్నాను. కానీ ఇప్పుడు నేను దుకాణదారుడి కొడుకును కాను, గ్రంథపాలకుణ్ణి అనుకున్నాను. తారీఖు ముహూర్తం కోసం ఆగదు కదా అని ఎనిమిదింటికి పెద్ద అక్షరాలతో రాసేశాను.

ముహూర్తం నాడు మొదటి బండి ఏ రైతుదైతే ఆ రాశి తూచే కాంటకు పూజ చేసి, మామూలు కంటే ఎక్కువ ధర ఇచ్చి, రాశి మొత్తం ఒక్క ఖరీదుదారే ఎత్తుకోవడం అక్కడి ఆచారం. ఆ ఏడు మొదటి బండి వేల్పూర్ రాజవ్వది. భర్త పోయాక తన వంతుకు వచ్చిన భూమి ముక్కలో ఒంటరిగా సేద్యం చేస్తున్న మనిషి. తొమ్మిది నెలలు భూమిలో ఉన్న పంట, తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగు పట్టించినది, అంతా ఆ ఒక్క రాశిలోనే ఉంది. ఆచారానికి రెండో వైపు కూడా ఉంది. ముహూర్తం నాడు బోణీ కాక మిగిలిన రాశిని మైలరాశి అంటారు. ఆ ఏడాది ఆ సరుకును గంజ్‌లో ఎవరూ ముట్టరు. ఊళ్ల మీద తిరిగే మారుబేరగాళ్లకు సగం ధరకు పోసుకోవలసిందే.

కొబ్బరికాయ కొట్టారు. నర్సింలు సేటు తన కుడిచేతి మీద తువ్వాల కప్పుకున్నాడు. అక్కడ ధర నోటితో చెప్పరు. ఖరీదుదారు తువ్వాల కిందికి చెయ్యి పెట్టి అడ్తి వేళ్లు పట్టి చెబుతాడు, పక్కవాడికి తెలియదు. అందరిలో ఎక్కువ పట్టినవాడి పేరు అడ్తి గట్టిగా పిలుస్తాడు. సరిగ్గా అప్పుడే మల్లయ్య రోజూ లాగే చదవడం మొదలుపెట్టాడు. ముగ్గురు మరణించారు అన్న మాటకే గంజ్ చల్లబడింది. నాణెం దగ్గరికి వచ్చేసరికి అతనే ఆగిపోయాడు.

“ఏంది సారు గిది? గెలిచినోడే సచ్చిండా?” అని నన్ను అడిగాడు.

తువ్వాల కిందికి రాబోయిన నిజామాబాదు ఖరీదుదారు చెయ్యి వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. మిగతావాళ్లూ అంతే. బోణీ రాశి గెలవడానికి వచ్చినవాళ్లు వాళ్లు. గెలిచినవాడు చచ్చాడని విన్నాక ముందు చెయ్యి ఎవడు పెడతాడు?

రాజవ్వకు విషయం అర్థం కాలేదు. రాశిలోంచి ఒక కొమ్ము తీసి ఫట్టుమని విరిచి సేటు ముఖం ముందు పట్టింది. “చెయ్యి గుంజుకున్నరెందుకు? సూడుండ్రి, లోపట కుంకుమ లెక్క ఉన్నది. పచ్చి గిట్ల ఉన్నదా?”

“నీ కొమ్ముల ఏం తప్పు లేదు రాజవ్వా. తప్పు గోడ మీదున్నది,” అన్నాడు సేటు.

ఎవరో ఆమెకు సంగతి చెప్పారు. ఆమె పలక వైపు, తర్వాత నా వైపు చూసింది. “సచ్చినోళ్లు నాకు చుట్టాలా, మీకు చుట్టాలా? గా దేశం యాడ, నా రాశి యాడ?”

నేను గబగబా పోయి తడిబట్టతో పలక పై సగం తుడిచేశాను. ఎవరూ తుడవమనలేదు. సేటు చూస్తూ, “గోడ మీదికెల్లి పోయింది సారు. చెవులకెల్లి ఎట్ల పోతది?” అన్నాడు. తర్వాత నెమ్మదిగా తీర్పు చెప్పాడు. బోణీ చెడగొట్టినవాడే బోణీ చెయ్యాలి, వాళ్ల తాత కాలం నుంచి గంజ్ కాయిదా అదే.

సర్కారు ఉద్యోగి వ్యాపారం చేయరాదని నా సర్వీసు నిబంధన. రాశి మొత్తం కొంటే ఉద్యోగానికి ముప్పు. అంత సొమ్మూ లేదు. వద్దంటే రాజవ్వ పంట మైలరాశి. అక్కడ నా దుకాణపు బుర్ర మేలుకుంది. ఇంటి వాడకానికి కొనుక్కోవడం వ్యాపారం కింద రాదు. కాంట ఒక్కసారి లేస్తే బోణీ అయినట్టే కదా, ఒక్క బస్తా కొంటాను అన్నాను. సేటు మొదటిసారి నా ముందు తువ్వాల చాపాడు.

లోపలికి చెయ్యి పెట్టాను. పుట్టినప్పటి నుంచి ధర తగ్గించడమే నేర్చిన చెయ్యి అది. నాకు తెలియకుండానే పోయిన ఏటి ధర పట్టింది. తువ్వాల కింద సేటు నా వేలు పట్టుకుని ఎముక కలుక్కుమనేదాకా పిసికాడు. ముఖం మీద మాత్రం ఏమీ లేదు. కొంచెం పెంచాను. మళ్లీ పిసికాడు. మూడోసారి ముహూర్తం ధర దగ్గరికి వచ్చాక వదిలిపెట్టి నా పేరు గట్టిగా పిలిచాడు.

“గీ సారుకు బస్తా పసుపు ఎందుకు? బుక్కులకు పూస్తడా?” అంది రాజవ్వ. హమాలీలు నవ్వారు. కాంట లేచింది, గంజ్ కదిలింది.

నా ఉపాయంలోని లొసుగు ఆ పూటే బయటపడింది. బోణీ ఒక్క బస్తాతోనే అయిపోయింది కాబట్టి ఆమె మిగతా రాశికి ముహూర్తం ధర ఇవ్వవలసిన అవసరం ఎవరికీ లేకుండా పోయింది. మామూలు ధరకు పట్టారు. రాజవ్వ ఆ సంగతి నా కంటే ముందే గ్రహించింది. ఖాళీ గోనెలు దులిపి బండిలో వేసుకుంది.

పదింటికి రషీద్ వచ్చాడు. దుకాణం తెరవడానికి ముందు తన సంగతి చదువుకుందామని వచ్చాడు. శుభ్రంగా తుడిచిన పలక చూసి, “రాయలేదా సాబ్?” అన్నాడు. రాసి తుడిచానని చెప్పి కారణం కూడా చెప్పాను. “మంచిగ చేసిండ్రు సాబ్. అవ్వ పసుపు అమ్ముడుపోయిందా?” అని అడిగాడు. పోయిందన్నాను. కత్తిరింపు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. రేడియో బాగు చేయడం మానలేదు. కత్తిరింపులు తేవడం మానేశాడు. నేను అడిగితే, ఇప్పుడు అంత వినడం లేదనేవాడు. సాయంత్రాలు ఆ దుకాణం ముందు నుంచి పోతే లోపల గిటారు వినబడుతూనే ఉండేది.

గ్రంథపాలకుడి పని సంగతి నిజమా కాదా చూడడంతో అయిపోతుందని నాకు నేర్పారు. అది సగం పనే. ఆ మాట ఏ పూట, ఎవరి గుమ్మం ముందు నిలబడుతుందో చూసుకోవడం మిగతా సగం. దూరదేశపు చావును గోడ మీద రాసినప్పుడు దాని ఖర్చు రాసినవాడి మీద పడదు. ఆ పూట గోడ కింద నిలబడ్డవాళ్ల మీద పడుతుంది.

ఆ ఖర్చు ఎంతో లెక్క వేసుకుని పది రోజులకు వేల్పూర్ వెళ్లాను. రాజవ్వ నీడలో విత్తనపు కొమ్ములు పరిచి ఆకులు కప్పుతోంది. ముహూర్తం ధరకూ ఆమెకు ముట్టిన ధరకూ ఉన్న తేడాలో సగం ఇస్తానన్నాను. నేను లేకపోతే రాశి మొత్తం మైలపడేదని న్యాయం కూడా చెప్పాను.

“నువ్వు రాయకుంటె మైల యాడికెల్లి వస్తది?” అంది తల ఎత్తకుండా.

ముప్పావు వంతు అన్నాను.

“సేటు ఏలు పిసికితెగాని ధర ఎక్కలేదట నీకు. నన్ను గూడ పిసకమంటవా సారూ?”

పూర్తి తేడా ఒప్పుకున్నాను. ఉన్నంత అక్కడే ఇచ్చి మిగతాది జీతం పడ్డాక పంపాను. అందినట్టు కబురు చేసింది, ఎక్కువ తక్కువలు లేవని కూడా చెప్పించింది. ఆమెతో నా లెక్క తీరింది. ఆర్మూరులో ఉన్న మిగతా కాలంలో ఫిబ్రవరి మూడున పలక పై సగం ఏమీ రాయకుండా వదిలేశాను. తుడిచేసిన ఆ సంగతికి రషీద్‌కు ఇవ్వవలసింది మాత్రం అలాగే ఉండిపోయింది. దానికి ధర కట్టి అడగమన్నా అతను ఎన్నడూ అడగలేదు.