స్కూటర్ మీద ఇద్దరు

నిన్న ఫోన్లో ఒక పాత సినిమా పాట మోగగానే నాకు పట్టునూలు వాసన గుర్తొచ్చింది. ధర్మవరంలో మా అమ్మ, పక్కింటి లక్ష్మత్త ఒకే మగ్గం మీద కూర్చుని చీరలు నేసేవారు. ఒకసారి నన్నూ ఆ సినిమాకు తీసుకెళ్లారు. తెరమీద ఇద్దరు స్నేహితురాళ్లు మొగుళ్లను ముప్పుతిప్పలు పెట్టి, పాడుకుంటూ స్కూటరెక్కి వెళ్లిపోయారు. పడీపడీ నవ్విన లక్ష్మత్త బయటికొచ్చాక అడిగింది.

“మనమూ అట్లే పోదామా, వదినా?”

“ఈ చీర కోసినాక పోదాంలే,” అంది అమ్మ.

నేను నిజమనుకున్నాను. నేత పూర్తయి మగ్గం మీంచి చీర కోసిన ప్రతిసారీ నా గౌను సంచిలో పెట్టుకుని గుమ్మంలో నిలబడేదాన్ని. వాళ్లేమో ఇంకో చీర మొదలుపెట్టేవారు.

ఇప్పుడు మగ్గం లేదు. లక్ష్మత్త హిందూపురంలో బట్టల ఫ్యాక్టరీకి పోతోంది. అమ్మకు ఆ పాట చూపించాను. నవ్వుతుందనుకున్నాను.

“పాట అయిపోయినాక వాళ్లు యాడికి పోయింటారే?” అంది.