నడుం నొప్పి సిస్టర్ గారు

పోయిన మంగళవారం ఏలూరులో సిస్టర్ గారు పోయారు. పొద్దున్నే కాఫీ కలుపుకుని, తాగకుండానే కుర్చీలో వాలిపోయారట. గుండె ఆగిపోయిందన్నారు. ఆవిడ ఫోన్ నుంచే నాకు మెసేజ్ వచ్చింది. మా చెరువుల దగ్గర తిరిగే తప్పుడు కబుర్లలో సగం నేను పుట్టించినవే. ఇది కూడా అలాంటి వెధవ పని అయితే బాగుండునని ఆ నంబరుకే ఫోన్ చేశాను. ఆవిడ చెల్లెలు గారు ఎత్తి, "నిజమేనండీ" అన్నారు.

సిస్టర్ గారు మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత కాలువ పక్క సందులో రెండు గదులు అద్దెకు తీసుకుని, మత్తుకు అలవాటు పడ్డవాళ్ళకి వైద్యం చూపించేవారు. వారానికి రెండు రోజులు డాక్టరు గారు వచ్చేవారు. మిగతా రోజులు ఆవిడా, ఆవిడ ఫోనూ.

నేను కొల్లేటి పక్క చేపల చెరువుల్లో పట్టుబడి ముఠాకి, అంటే చేపలు పట్టే కూలీల జట్టుకి, మేస్త్రీని. తెల్లవారకముందే నీళ్ళలో దిగి వల లాగాలి, ట్రేలు మొయ్యాలి, లారీ నింపాలి. నడుములు విరుగుతాయి. ముఠాలో ఒకడు నొప్పి మాత్ర తెచ్చాడు. వేసుకుంటే నొప్పి పోవడమే కాదు, ఒళ్ళు దూదిపింజలా తేలేది. ఆర్నెల్లకి అది లేకపోతే మంచం దిగలేని స్థితికి వచ్చాను. అది మత్తు అని మాలో ఎవరూ అనుకోలేదు. మత్తంటే సారా, గంజాయి. ఇది షాపులో అమ్మే మాత్రే కదా.

అలాంటి రోజుల్లో నా ఫోన్‌లో ఒక ప్రకటన వచ్చింది. తల పట్టుకుని కూర్చున్న మనిషి బొమ్మ. కింద, "మత్తు మాత్రలకు బానిసయ్యారా? ఫోన్ చేయండి." నా గుట్టు మా ఆవిడే ఎవరికో చెప్పిందని ఆవిడతో రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత కడుపుమంటకొద్దీ ఆ నంబరుకి ఫోన్ చేశాను. నేను ఫిషరీస్ ఆఫీసరు గొంతు పెట్టి చెరువుల ఆసాముల్ని పంచెలు ఊడేలా పరిగెత్తించినవాణ్ణి. ఒక నర్సమ్మ నాకు లెక్కా?

"ఏవండీ, రెండు చికెన్ బిర్యానీ పంపించండి. లెగ్ పీసులు ఉండాలి" అన్నాను.

"బిర్యానీ లేదు నాయనా. మాత్ర వేసుకుని ఎంతసేపయింది?"

"మాత్రేంటండీ? ఇది హోటల్ కాదా?"

"రెండు మాటల్లో మూడుసార్లు ఆవులించావు. ముక్కు ఎగబీలుస్తున్నావు. కాళ్ళు కూడా లాగుతున్నాయా?"

లాగుతున్నాయి. ఫోన్ పెట్టేశాను. ఒక గంటకి మళ్ళీ నేనే చేశాను, ఈసారి నా సొంత గొంతుతో.

ఆవిడ దగ్గరికి వెళ్ళినప్పుడు తిడతారనుకున్నాను. కుర్చీ లాగి వేశారు. ఎవరు వచ్చినా అంతే, లేచి స్వయంగా వేసేవారు. "సిగ్గుపడేవాడికి ముందు కుర్చీ వెయ్యాలి. మాటలు తర్వాత" అనేవారు. ఒక్కసారిగా మానెయ్యకూడదని, డాక్టరు గారు చెప్పినట్టే తగ్గించాలని చెప్పారు. నాలుక కింద పెట్టుకునే మందు ఇచ్చారు. నాకు నయం కావడానికి ఏడాది పట్టింది.

మా ఆవిడ చెప్పలేదని కూడా అక్కడే తెలిసింది. సిస్టర్ గారు ఫోన్‌లో మ్యాపు తెరిచి, మా చెరువుల చుట్టూ వేలితో ఒక గీత గీసి చూపించారు. "ఈ గీత లోపలున్న ఫోన్లకే నా ప్రకటన వెళ్తుంది. నువ్వెవరో నాకు తెలీదు నాయనా. కానీ ఒక్కరూ ఫోన్ చెయ్యట్లేదు. బిర్యానీకి నువ్వొక్కడివే చేశావు."

"చెయ్యరండీ. బానిస అంటే ఎవడు చేస్తాడు? నడుం నొప్పి అనండి. నొప్పి మాత్ర లేకపోతే మంచం దిగలేకపోతున్నారా అని అడగండి. ఇంకోటి, మీరు సాయంత్రం ఆరింటికి వేస్తున్నారు. మేం అప్పటికి గురక పెడుతుంటాం. లారీ ఎక్కించి ఒడ్డున కూర్చునేది పొద్దున్న తొమ్మిదిన్నరకి. ఫోన్ పట్టుకునేది అప్పుడే."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని అంతా రాసుకున్నారు. ఎనిమిదో తరగతి రెండుసార్లు తప్పినవాడి మాట అలా రాసుకున్న మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు. వారం తిరక్కుండా ఫోన్లు మొదలయ్యాయి. గణపవరం నుంచి, ముదినేపల్లి నుంచి. తర్వాత ఆవిడ గీతను పైకి జరిపారు, జంగారెడ్డిగూడెం పొగాకు కూలీల దాకా. అందరూ ఆవిడని నడుం నొప్పి సిస్టర్ గారు అనేవారు.

అక్కడితో ఆగక నేను మిడిసిపడ్డాను. "ప్రకటనలో నా గొంతు పెట్టండి. మా వాళ్ళు ఇట్టే నమ్ముతారు" అన్నాను. పెట్టారు. నిజానికి నేను ఆ మాట అన్నది మా బావమరిది కోసం. వాడు నా ముఠాలోనే ఉంటాడు. నాకంటే ఎక్కువ మింగేవాడు. ఒకరోజు గట్టు మీద ఫిట్స్ వచ్చి పడిపోయాడు. మేము చేతిలో తాళాలు పెట్టి, మూర్ఛ అనుకుని ఊరుకున్నాం. సిస్టర్ గారికి చెబితే, "ఆ మాత్ర ఎక్కువైతే అలాగే వస్తుంది. వాణ్ణి నీళ్ళలో దిగనివ్వకు. ఈసారి వల మధ్యలో వస్తే మీకు కనపడడు" అన్నారు.

వాడికి ప్రకటన చూపించాను. వాడు పగలబడి నవ్వాడు.

"బావా, నీ గొంతు నాకు తెలీదా? ఆ నంబరు నొక్కితే నువ్వే ఎత్తుతావు. నేను ఏడుస్తుంటే రికార్డు చేసి గ్రూపులో పడేస్తావు."

వాడిది తప్పు కాదు. అంతకుముందు ఏడాది వాడు పాముని చూసి అరిచిన అరుపుని ముఠా గ్రూపులో పెట్టింది నేనే. చాలామంది ఇప్పటికీ ఆ అరుపునే రింగ్‌టోన్‌గా పెట్టుకున్నారు. వాడొక్కడే కాదు, చెరువుల దగ్గర ఎవరూ నమ్మలేదు. ప్రకటన వినడం, నవ్వడం, పక్కవాడికి పంపడం. వాడేమో మర్నాడు కూడా నీళ్ళలో దిగాడు. పక్కనే నిలబడి, వాడి చొక్కా పట్టుకుని వల లాగించాను.

సిస్టర్ గారికి ఫోన్ చేశాను. "నా గొంతు తీసేయండి."

"గొంతు ఇప్పుడే తీసేస్తాను. మరి నువ్వు చేసిన పని ఎవరు తీస్తారు? అందరినీ నవ్వులపాలు చేశావు కదా, నిన్ను నువ్వు ఎప్పుడైనా చేసుకున్నావా?"

చురుక్కుమంది. ఆ రోజు లారీ వెళ్ళాక గట్టు మీదే కూర్చుని వీడియో తీసుకున్నాను. తాడేపల్లిగూడెంలో మా ఆవిడ తరఫు పెళ్ళికి వెళ్ళి, మాత్ర దొరక్క ఒళ్ళు వణికి, పంక్తిలో విస్తరి ముందే పంచె పాడు చేసుకున్నానని చెప్పాను. సాంబారు ఒలికిందని మా ఆవిడ అందరికీ అబద్ధం చెప్పిందనీ చెప్పాను. ముఠా గ్రూపులో పెట్టి, ఫోన్ ఆపేసుకున్నాను.

మర్నాడు అందరూ నవ్వారు. సాంబారు కావాలా మేస్త్రీ గారూ అన్నారు. మా బావమరిది మాత్రం నవ్వలేదు. పని అయ్యాక వచ్చి ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"నువ్వే నొక్కు బావా. నాకు చెయ్యి ఆడట్లేదు."

నొక్కాను. సిస్టర్ గారు ఎత్తారు. వాడు ఏడ్చాడు. అవతల ఆవిడ ఫోన్ పెట్టెయ్యలేదు. చాలాసేపటికి, "ఉన్నాను నాయనా" అన్నారు.

మధ్యలో ఒకసారి వాడు మళ్ళీ మింగాడు. నేను తిట్టబోతే ఆవిడ నన్ను బయటికి పంపి, వాడికి మళ్ళీ కుర్చీ వేశారు. వాడు మానేసి రెండేళ్ళు దాటింది.

సమాధుల దొడ్డికి నేనూ వాడూ కలిసి వెళ్ళాం. చుట్టాలు, చర్చి వాళ్ళు పెట్టె చుట్టూ ఉన్నారు. గోడ వారన ఇంకో ముప్పై మంది దాకా మగవాళ్ళు దూరదూరంగా నిలబడ్డారు. ఎవరికీ ఎవరూ తెలియదు. ఒకాయన మా వాణ్ణి, "ఆవిడ మీకేమవుతారండీ?" అని అడిగాడు. మా వాడు, "నడుం నొప్పికి వచ్చేవాణ్ణండీ" అన్నాడు. ఆయన తలూపి, మాకు దగ్గరగా జరిగి నిలబడ్డాడు.

పాస్టరు గారి ప్రార్థన అయ్యాక గొయ్యి పూడ్చడానికి ఇద్దరే మనుషులు ఉన్నారు, మట్టికుప్ప దూరంగా ఉంది. మా బావమరిది వెళ్ళి ఒక తట్ట అందుకున్నాడు. గోడ వారనున్నవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కుప్ప నుంచి గొయ్యి దాకా వరస కట్టారు. చెరువు గట్టు మీద ట్రేలు అందించినట్టు తట్టలు చేతులు మారాయి. నిండుది అటు, ఖాళీది ఇటు. గొయ్యి అంచున చివర నిలబడ్డది మా వాడు. వచ్చిన ప్రతి తట్టనీ వంగి, మట్టి చప్పుడు కాకుండా మెల్లగా వంచుతున్నాడు.